ఇంటివాళ్ళ సంతకం

ఇంకాస్త దగ్గరికి జరిగి వినండి. ఇది వీధిలోకి వినపడేలా చెప్పే సంగతి కాదు.

ప్రొద్దుటూరులో, ఆ ఇంటి గ్రిల్ గేటు పట్టుకుని భార్గవి నిలబడి ఉంది. చంకలో రెండేళ్ళ పిల్లవాడు. వాడు రోడ్డు మీదికి పరుగెత్తుతాడని ఆదినారాయణ గేటుకు తాళం వేయించాడు. తాళంచెవి ఒకటి అతని దగ్గర, ఇంకొకటి బ్యాంకు పనికి పోయిన అతని భార్య అమూల్య దగ్గర. మూడోది ఎవరూ చేయించలేదు. ఆదివారం క్లాసులకు మాత్రం భార్గవికి తాళం తీస్తారు.

గేటు అవతల పక్కింటి ఖమర్‌బీ ఆగింది.

“చేతిలో ఏందే ఆ కాగితం?”

“ఇంటర్న్‌షిప్‌ది.”

“ఇంటర్ పాసయితివి గదా! మళ్ళీ ఇంటరేంది?”

భార్గవికి నవ్వొచ్చింది. ఇంట్లో కూర్చుని చదివే డిగ్రీలో ఆమెది రెండో ఏడు. ఈ ఎండాకాలం రెండు నెలలు ఎక్కడైనా పని నేర్చుకుని రావాలి. జమ్మలమడుగులో కొత్తగా పెట్టిన మ్యూజియంలో చోటు దొరికింది. రిజర్వాయరు నీళ్ళలో మునిగిపోయిన ఊళ్ళ సామాన్లు అక్కడ దాచారు.

“మ్యూజియమంటే సచ్చిన కాలేజీ గదా? మద్రాసులో అట్లనే అంటారు, చూసినాలే. బతికిన కాలేజీలో చదివి సచ్చిన కాలేజీలో పనా!” అంటూ ఖమర్‌బీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఆ చోటు ఊరికే రాలేదు. పోయిన ఆదివారం క్లాసుకని చెప్పి భార్గవి జమ్మలమడుగు బస్సెక్కింది. అక్కడి ఇన్‌చార్జి జైబున్నీసా మేడం ఒక చెక్క గిన్నె చూపించి అదేమిటని అడిగింది. అడుగున రంధ్రాలు. పక్కన చీటీ మీద ‘దీపపు కుందె’ అని రాసి ఉంది. ఆ చోటు కోసం ముందు వచ్చిన పదిమందీ ఆ చీటీనే చదివి వినిపించారు.

“దీపం కాదు మేడం, ఇది జడ్డిగం. గొర్రుకు కడతారు. విత్తనాలు ఇందులో పోస్తాంటే గొట్టాల్లోంచి సాలులో పడతాయి.”

మేడం ఆ చీటీ చింపేసి పెన్ను అందించింది. “మీరే రాయండి.”

గాజు పెట్టెలో తన రాత! వారమంతా భార్గవి దాన్నే తలచుకుంది.

ఒక్కటే అడ్డం. ఫారం మీద ఇంటివాళ్ళ సంతకం కావాలి. అందరికీ అదే ఫారం, అదే రూలు. శనివారం సాయంత్రంలోగా అందకపోతే చోటు ఇంకొకరికి పోతుంది. ఈ రోజు శనివారం.

మధ్యాహ్నం ఆదినారాయణ ఎరువుల అంగడి మూసి భోజనానికి వచ్చాడు. కాగితం చూడగానే ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

“చెప్పకుండా జమ్మలమడుగుకు పోయినావా? ఈ వయసులో బస్సుల్లో ఒక్కదానివే తిరుగుతావా? ఏమన్నా అయితే?”

“ముప్పావు గంట దూరమే గదా నాయనా.”

“నీకేం తక్కువ చేసినానమ్మా? చదువుకుంటానంటే ఫీజు కట్టినా, పుస్తకాలు తెచ్చినా. ఇంట్లో కూర్చోని చదువుకో. నువ్వు ఆడ దుమ్ము తుడుస్తాంటే, అంగడికొచ్చేటోళ్ళు నన్నేమంటారు?”

“అంతేనా?”

అతను తల వంచుకున్నాడు. “పిల్లోన్ని ఎవురు చూస్తారు?”

అసలు మాట అదీ. పిల్లవాడు భార్గవి భుజం మీద నిద్రపోయాడు. గేటు తాళం కంటే వీడే బరువు అనిపించింది ఆమెకు. అనిపించినందుకు పాపం అనిపించి, వాడి వీపు నిమిరింది.

“ఏడో తరగతిలో బెలుం గుహల టూరుకు నీ కాగితం మీద ఎవురు సంతకం పెట్టినారు నాయనా?”

ఆదినారాయణ చేతిలోని ముద్ద కంచంలో వదిలేశాడు. మరిచిపోయేది కాదది. వాళ్ళ నాయన పెట్టనని కాగితం విసిరేస్తే, అప్పటికి రాయడం రాని వాళ్ళమ్మ, రేషన్ కార్డు ముందు పెట్టుకుని తన పేరు ఒక్కొక్క అక్షరమే చూసి దించింది.

అతను లేచి చెయ్యి కడుక్కున్నాడు. జేబులోంచి ముందు తాళంచెవి తీసి ఆమె ముందు పెట్టాడు. తర్వాత పెన్ను తీశాడు.

“రెండు గంటలకు బస్సుంది. నేనే ఎక్కిచ్చి వస్తా, పిల్లోన్ని మేం చూసుకుంటాం, లెయ్.”

ఇది గుర్తుపెట్టుకుని ఇంకొకరికి చెప్పండి, కానీ ఆ సంతకం కింద ‘విద్యార్థినికి ఏమవుతారు’ అన్న గడిలో ఆదినారాయణ రాసిన ఒక్క మాటను మాత్రం నాలాగే చివరిదాకా దాచి చెప్పండి: ‘కొడుకు’.