తీసేసిన పేరు

"బోర్డు మీద నా పేరేది సార్?"

తలుపు తట్టకుండానే లోపలికొచ్చి అడిగిందామె. ల్యాబ్ పెద్దాయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు గానీ తలెత్తలేదు.

"ట్రయల్ టీములోంచి తీసేశాం."

"ఎందుకు?"

"అది నేను చెప్పకూడదమ్మా."

"క్యాన్సర్‌తో పోరాడి పోరాడి సొమ్మసిల్లిన రక్తంలోని టీ కణాల్ని తట్టిలేపే ప్రొటీన్ అది. దాని వెనక తొమ్మిదేళ్ళు తిరిగాను. ఎలుకల్లో మూడుసార్లు బెడిసికొడితే, ఇక వదిలేయమన్నది మీరే. తీరా ఇవాళ మొదటిసారి మనిషికి ఎక్కిస్తుంటే నేను పరాయిదాన్నయ్యానా?"

ఆయన బల్ల మీది కాగితాలు సర్దసాగాడు.

"అమ్మా అమ్మా అంటూనే గొంతు కోశారు."

ఆయన మొహం పాలిపోయింది. "ఇవాళ్టికి ఇంటికెళ్ళు," అన్నాడు మెల్లగా.

మెళ్ళో ఐడీ కార్డు తీసి ఆయన ముందు పడేసి బయటికొచ్చిందామె.

వరండాలో, వార్డు తలుపు దగ్గర శిష్యురాలు ఎదురైంది. పైపెట్ పట్టుకోవడం దగ్గర్నుంచి తను నేర్పిన పిల్ల. బోర్డు మీద తన పేరుండాల్సిన చోట ఇప్పుడున్నది ఈ పిల్ల పేరే.

"నీకూ ముందే తెలుసన్నమాట."

"అక్కా, నాచేత ఒట్టేయించుకున్నారు. ఇంకేం అడక్కు."

"అడగను. ఇన్నాళ్ళూ ఒక్క టిఫిన్ డబ్బా పంచుకుతిన్నాం చూడు, అందుకు నన్ను నేను తిట్టుకుంటా. పక్కకి జరుగు, ఆ పేషెంటునొక్కసారి చూసి పోతాను."

"లోపలికి మాత్రం వద్దక్కా." శిష్యురాలు చేతులడ్డం పెట్టింది. ఆమె ఆ చేతుల్ని తోసేసి వార్డు తలుపు తెరిచింది.

కిటికీ పక్కన స్టాండుకి చిన్న సంచి వేలాడుతోంది. అందులోంచి మందు చుక్కచుక్కగా దిగుతోంది. అచ్చం మంచినీళ్ళలా ఉంది. చూస్తుంటే ఆమెకి ఏడుపొచ్చింది. పేరు లేకపోతే పోయింది, ఎవరో ఒకరు బతికితే చాలనుకుంది. ఆ సన్నటి గొట్టం వెంటే చూపు కిందికి దించింది.

మంచం మీద మనిషి ఇటు తిరిగాడు.

"చెబితే ఈ మందు నాకు ఎక్కించనివ్వవని జబ్బు సంగతి దాచాను. ఇంటిమనిషివి నువ్వు టీములో ఉంటే వీళ్ళు నన్ను చేర్చుకోరట, అందుకే నీ పేరు నేనే తీయించాను," అన్నాడు ఆమె భర్త.