నింఫా కంటి చుక్కలు

ఊళ్లో జనానికి పొగరెక్కింది. బెంపాకి ఆ విషయంలో అనుమానమే లేదు.

రంగుల వస్త్రం భుజాన వేసుకుని రాణితల్లి కొలువుకి బయలుదేరాడు. నాలుగడుగులు వేయకముందే కాల్చిన అరటికాయల పళ్లెం కాలికి తగిలి బోర్లాపడింది.

"దారికడ్డంగా పెట్టావేం? కళ్లు నెత్తికెక్కాయా?" అని అమ్మే మనిషిని కసిరాడు.

"రోజూ పెట్టే చోటే కద నాయనా, పక్కకే పెట్టుకున్నా" అందామె.

ఇలాంటివాళ్లతో వాదనేమిటి! మొన్న ఒకడు భుజం గుద్దుకుంటూ పోయాడు. నిన్న ఎవరిదో మేక కాళ్లకి అడ్డంపడింది. పీఠమెక్కాక ఒక్కొక్కరికీ మర్యాద నేర్పిస్తాడు.

మేనమామ పోయాడు. ఆయన పీఠం అక్కచెల్లెళ్ల కొడుకుల్లో ఒకరిది. బెంపాకి పోటీ ఒక్కడే, పిన్ని కొడుకు నింఫా. ఉత్త చవట. రాణితల్లి తన చేత్తో ఎవరికి కల్లు అందిస్తే వాడే నాయకుడు. అవిటివాడూ గుడ్డివాడూ మాత్రం పనికిరారు. చిటికెనవేలు లేకపోయినా అంతే.

కొలువులో బెంపా ఒక చిన్న సీసా పైకెత్తాడు. నింఫా ఇంట్లోంచి కొట్టుకొచ్చింది.

"రాణితల్లీ, మనవాడు రోజూ చాటుగా కళ్లల్లో చుక్కలేసుకుంటాడు. ఈ సగం గుడ్డాడికా మన పీఠం?"

పెద్దలు గొణుక్కున్నారు. నింఫా తలదించలేదు.

"గుడ్డివాణ్ణి కాకూడదనే వేసుకుంటున్నా అన్నయ్యా. గ్లకోమా. కంట్లో ఒత్తిడి పెరుగుతుంది. నొప్పుండదు, పక్కల నుంచి చూపు పోతున్నా తెలీదు. అమ్మమ్మ చూపు తీసింది అదే. కుమాసి పట్నం ఆస్పత్రికి వెళ్లి నువ్వూ చూపించుకోమని ఎన్నిసార్లు చెప్పాను!"

"నాకెందుకురా? అదుగో, ఆ చివరి దూలం మీద బల్లి. తోక తెగింది. కనిపిస్తోందా నీకు?"

నింఫా కళ్లు చిట్లించాడు. కనిపించలేదు. ఒకాయన లేచి వెళ్లి చూశాడు. నిజంగానే మొండితోక బల్లి. సభంతా నవ్వింది.

బెంపా దర్జాగా రాణితల్లి వైపు తిరిగాడు. ఆసనం ఖాళీ. ముసలిది మొహం చెల్లక లోపలికి పోయినట్టుంది. నవ్వులు ఒక్కసారిగా ఆగిపోయాయి. ఒక్కడూ నోరు మెదపడు, ఒక్కడూ తన మొహంలోకి చూడడు. పిరికి సన్నాసులు! కాబోయే నాయకుణ్ణి చూసే ధైర్యం కూడా లేదు. బెంపా చేతులు కట్టుకుని, ఖాళీ ఆసనం వంకే చూస్తూ నిలబడ్డాడు.

అతని ఎడమ భుజం పక్కన, జానెడు దూరంలో, రాణితల్లి కల్లుబుర్ర చాచి పట్టుకుని ఎంతోసేపటి నుంచీ నిలబడే ఉంది.