ఆఖరి రక్తం

పాలబండి వెనకాలే ఆ వీధికి రోజూ రక్తంబండి వస్తుంది. గుండె కణాల్లోకి కాల్షియంను వదిలే ప్రోటీన్‌లో ఒక ముక్క ఉంది. అది సరిగ్గా ఉందో లేదో చెప్పే యాంటీబాడీ కుందేళ్ల రక్తంలోంచే తీస్తారు. ఆ యాంటీబాడీ పూసిన పట్టీ మీద తమ నెత్తురు చుక్క వేసి గుండె బాగుందో లేదో చూసుకోకుండా ఇప్పుడెవరూ పనికి వెళ్లరు. అందుకే ఇంటింటా కుందేళ్ల గూళ్లు.

"అంజవ్వక్కా, నీ కుందేలు ముసలిదైంది. ఇయ్యాల దాని రక్తం మొత్తం తీసుడే," అన్నాడు రక్తంబండి నడిపే సుదర్శన్.

"అంటే సంపుడే గదా?"

"రూలక్కా."

"మా ఆయన గుండెజబ్బును పట్టిచ్చింది దీని రక్తమే. ఆయన బతికిండు, ఇది సావాల్నా? నేనియ్య."

"నువ్వియ్యకున్నా చెవిబిళ్ల మీది నంబర్ చూసి పట్టుకపోత."

అంజవ్వ గేటు బార్లా తీసింది. వాకిలి నిండా వీధిలోని ఇళ్ల కుందేళ్లన్నీ తెల్లగా కలిసి తిరుగుతున్నాయి. ఒక్కదాని చెవికీ బిళ్ల లేదు. గోడ పొడుగునా ఆడవాళ్లు కొంగులు నడుముకు దోపుకుని నిలబడ్డారు. ఏది అంజవ్వదో చెప్పేవాళ్లు లేరు.

గుప్పెడు బిళ్లలు అతని దోసిట్లో పోసింది అంజవ్వ.

"ఇగో, బిళ్లలు నీయి. కుందేళ్లు మాయి."