మూడోసారి వంగిన చక్రం

మాడిన పాలగిన్నెను పీచుతో రుద్దుతోంది అమ్మాయి. ముందు గదిలో తండ్రి ఆమె సైకిలు వెనక చక్రం ఊడదీసి స్టాండుకి బిగించాడు. చేత్తో ఒకసారి తిప్పాడు. చక్రం తాగినవాడిలా అటూ ఇటూ తూలింది.

“ఛీ!” అన్నాడు.

ముప్పై ఏళ్ళుగా ఆయనది సైకిలు రిపేరు పనే. ఇరుసుకి చుట్టుకున్న వెంట్రుకలు, బురద, పాత గ్రీజు, దేనికీ ముక్కు మూసుకున్నవాడు కాదు. ఆయనకే ఈ చక్రం చూస్తుంటే రోత పుడుతోంది.

“చూశావా?” అన్నాడు భార్యతో. “రాయికి గుద్దుకుంటే రిమ్ము లోపలికి నొక్కుకుపోతుంది. గుంటలో పడితే ఒక్కచోట సొట్ట పడుతుంది. ఇది మొత్తం పక్కకి వంగింది. అంటే సైకిలు పడుకోబెట్టి, కాలెత్తి తొక్కారు. అదీ ఒక్కసారి కాదు.”

“నెలలో మూడోసారి. వాడి కాళ్ళు పడిపోను!” అంది తల్లి. “ముందు నువ్వు ఆ చెయ్యి గోడకి తుడవకు. ఇది ఇల్లా, షెడ్డా?”

“షెడ్డులో కూర్చుంటే టీ తెచ్చివ్వవుగా.”

“ఇక్కడ కూర్చున్నా ఇవ్వను,” అంటూనే ఇచ్చింది.

పక్క సందులో పెట్టిన సైకిలు. తెల్లారేసరికి ఇలా ఉంది. తొమ్మిదింటికల్లా అమ్మాయి మందుల షాపులో ఉండాలి. ఈ నెలలో ఇప్పటికే రెండు నాగాలు పడ్డాయి. మూడోది పడితే ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో. తండ్రి బెంగంతా అదే.

షాపు బాబాయిది. సొంత బాబాయి కాదు. తండ్రికి చిన్నప్పటి నుంచీ తమ్ముడి లెక్క. చదువు ఆగిపోయిన పిల్లకి పిలిచి పని ఇచ్చాడు. షట్టరు తీయబోయే ముందు రోజూ ఇక్కడ ఆగి టీ తాగడం ఆయనకి అలవాటు. ఆ రోజూ వచ్చాడు. నోట్లో దగ్గుబిళ్ళ పళ్ళకు తగిలి టకటకమంటోంది.

“మళ్ళీనా అన్నయ్యా?” వంగి చక్రం చూశాడు. “ఎంత నీచుడై ఉండాలి!”

“నీచుడన్నది చాలా చిన్న మాట. ఎదురుగా వచ్చే దమ్ము లేదు వెధవకి. ఎవరూ లేని సమయం చూసి, నోరు లేని దాని మీద పడడం. అదేం పుట్టుకో!”

“మనిషి జన్మేనా అది!” అన్నాడు బాబాయి.

లోపల గిన్నె మీద పీచు ఆగింది. మళ్ళీ కదిలింది. మాడు ఎప్పుడో పోయింది. అమ్మాయి ఇంకా రుద్దుతూనే ఉంది.

“ఎదురు మేడ మీద నిలబడి ఈలలు వేస్తాడే, వాడేనంటావా మరిదీ?” అంది తల్లి.

“అయ్యుంటాడు వదినా. పిల్ల తలెత్తి చూడదని అక్కసు.”

“అతను కాదు,” అంది అమ్మాయి లోపలి నుంచే.

“మరెవరే?”

“అతను కాదు. అంతే.”

“అబ్బో, వెనకేసుకొస్తోందే!” బాబాయి నవ్వాడు. జేబులోంచి ఇంకో బిళ్ళ తీశాడు. దానికి కాగితం లేదు. జేబులోని నూలుపోగు అంటుకుని ఉంది. “ఇంద తల్లీ, గొంతు పట్టేసినట్టుంది.”

అమ్మాయి వంటింటి గుమ్మంలోంచి తడి చేతులు చూపించి అక్కడే నిలబడింది. తల్లి అందుకుని, నూలుపోగు ఉఫ్‌మని ఊది, తన నోట్లో వేసుకుంది.

“చక్రం సంగతి తీరిగ్గా చూద్దువు గానీ అన్నయ్యా. నా బండి మీద ఎక్కించుకుపోతాలే.”

“నడిచి వెళ్తాను,” అంది అమ్మాయి.

“అంత దూరమా? ఏమిటే ఆ పెడసరం? చిన్నప్పుడు నిన్ను చంకనేసుకు తిప్పినవాడు!” తల్లి కసిరింది.

“పోనీలే వదినా, ఈ కాలం పిల్లలు.”

“ఎవరూ నడవక్కర్లేదు,” అన్నాడు తండ్రి. “నేనుండగా నా కూతురు నడిచి వెళ్ళడమేమిటి? అరగంట ఆగండి.”

వంగిన వైపు స్పోకు పుల్లలు వదులు చేశాడు. అవతలి వైపువి బిగించాడు. తిప్పి, ఒక కన్ను మూసి చూసి, ఇంకో అరచుట్టు బిగించాడు. రెండు పుల్లలు టప్పుమని తెగాయి. కొత్తవి వేశాడు. చెమటా జిడ్డూ కలిసి మోచేతుల మీదుగా నల్లగా కారుతున్నాయి. ఒక్కో పుల్లకీ ఒక ఛీ కొడుతూ పని చేశాడు.

ఎనిమిదిన్నరకి చక్రం వంకర లేకుండా తిరిగింది. సైకిలుకి బిగించి, గాలి కొట్టి, సీటు తుడిచి గుమ్మం ముందు నిలబెట్టాడు.

“వాడు దొరకాలి,” అన్నాడు. “అప్పుడు చెప్తా.”

“నన్ను పిలువు అన్నయ్యా. మొదటి దెబ్బ నాదే.”

“ఇక బయలుదేరు అమ్మడూ. వాడు వందసార్లు తొక్కినా వందసార్లూ బాగుచేస్తా. నీ ఉద్యోగం మాత్రం పోనివ్వను.”

అమ్మాయి కొంగుకి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. బాగైన చక్రాన్ని చూసింది.

“మూడుసార్లూ తొక్కింది నేనే నాన్నా, ఇంక ఆ షాపుకి వెళ్ళలేను,” అని ఆమె అంటే ఎందుకని తండ్రి అడిగాడు, ఎందుకే అని తల్లి అడిగింది. ఏమీ అడగకుండా గుమ్మం దిగి వెళ్ళిపోయింది బాబాయి ఒక్కడే.