నాన్న చదివిన సంపుటాలు

"ముట్టుకోవద్దన్నానా!"

నాన్న అరుపుకి ఆమె చెయ్యి అద్దాల బీరువా తాళం మీదే ఆగిపోయింది. పుట్టి బుద్ధెరిగాక తండ్రి గొంతు ఇంత పెద్దదని ఆమెకు ఇవాళే తెలిసింది. లెక్కల పరీక్ష తప్పిన రోజున కూడా పల్లెత్తు మాట అనని మనిషి!

"ఏమైంది నాన్నా నీకు? రేపు మా లైబ్రరీలో పిల్లల గది తెరుస్తున్నాం. నడిమధ్యన ఈ పుస్తకాల సెట్టు పెడతామని అందరికీ చెప్పేశాను."

"నన్నడిగి చెప్పావా?"

"నువ్వు కాదంటావని కలలో కూడా అనుకోలేదు."

బీరువాలో విజ్ఞాన సర్వస్వం సంపుటాలు ఎర్ర అట్టలతో, బంగారు రంగు అక్షరాలతో బారుగా నిలబడి ఉన్నాయి. నాన్న ఫర్నిచర్ షోరూంలో పాలిష్ పని చేసేవాడు. పాత మోడళ్ళు తీసేసేటప్పుడు యజమాని ఈ బీరువాని పుస్తకాలతో సహా ఆయనకిచ్చేశాడు. అప్పటికి ఆమెకి అక్షరాలు కూడా రావు.

ఆనాటి నుంచీ రోజూ భోజనాలయ్యాక అదో వేడుక. నాన్న చేతులు కడుక్కుని, జేబులోంచి తాళంచెవి తీసి, ఓ సంపుటాన్ని ఒంటిచేత్తో అలవోకగా దించి, ఆమెకి ఎదురుగా కూర్చునేవాడు. తిమింగలం గుండె ఎంతుంటుందో, తేనెటీగ తోటివాళ్ళకి దారెలా చెబుతుందో ఆమె నోరు తెరుచుకుని వినేది. బొమ్మ చూస్తానంటే, "జిడ్డు చేతులతోనా? పేజీ పాడైపోదూ!" అని పలక మీద తనే గీసి చూపించేవాడు. ఆ తిమింగలం ఒక్కోసారి వంకాయలా ఉండేది. అడ్డు ప్రశ్న వేస్తే, "అది రేపటి పేజీలో ఉంటుందమ్మా" అనేవాడు. చిత్రంగా, మర్నాడు నిజంగానే ఉండేది.

అమ్మకి మాత్రం ఒళ్ళు మండేది. "వాళ్ళ షోరూం పొద్దుండగానే మూసేస్తారు. ఈయనగారు ఎక్కడెక్కడ పెత్తనాలు చేస్తారో, చీకటి పడితే గానీ ఇల్లు గుర్తురాదు" అని సణిగేది. నాన్న నవ్వేసి ఊరుకునేవాడు.

ఆమెకి చదవడం వచ్చాక నాన్న లైబ్రరీకి తీసుకెళ్ళి, తనని రోజూ చూసేవాడిలా పలకరించిన గుమస్తా దగ్గర సభ్యత్వం కట్టించాడు. "ఇంట్లోవి నేను చదివి పెడతాను. నీవి నువ్వు వెతుక్కో" అన్నాడు. వెతుక్కుంటూ వెతుక్కుంటూ చివరికి అదే లైబ్రరీలో ఉద్యోగిగా తేలింది. బీరువా మీద ఆయన పెత్తనాన్ని ముసలాయన ముచ్చటనుకుని నవ్వుకుని వదిలేసింది.

ఇవాళ మాత్రం నవ్వు రాలేదు.

"ఎంతమంది పిల్లలు తిరగేస్తారో తెలుసా నాన్నా!"

ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. "తిరగేస్తారా?"

"మరి పుస్తకాలున్నది దేనికి?"

"నన్ను తీసుకెళ్ళు. ఎదురుగా కూర్చుని నేనే చెబుతాను. ఇవెందుకు?"

ఆమె నిర్ఘాంతపోయింది. ఈ మనిషేనా తనకి ప్రపంచాన్నంతా విప్పి చూపించింది! దుఃఖం, కోపం కలిసి తన్నుకొచ్చాయి.

"నీలో ఇంత పిసినారితనం ఉందా నాన్నా? నాకైతే చదివావు. పరాయి పిల్లలు ముట్టుకుంటే అరిగిపోతాయా?"

ఆ మాటకి నాన్న చెంపదెబ్బ తిన్నట్టు చూశాడు.

"ఒక్కటి చెప్పమ్మా. చిన్నప్పుడు నువ్వడిగిన దేనికైనా నీకు జవాబు దొరక్కుండా పోయిందా?"

"లేదు. అందుకేగా ఆ పిల్లలకి కూడా ఇవ్వమంటున్నాను!"

నాన్న తల పంకించాడు. జేబులోంచి తాళంచెవి తీసి ఆమె అరచేతిలో పెట్టి, కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

"కోప్పడకమ్మా" అన్నాడు అటు తిరిగే.

ఆమె తాళం తీసింది. బరువుగా ఉంటుందని కాళ్ళు నిలదొక్కుకుని, మొదటి సంపుటాన్ని రెండు చేతులా పట్టి లాగింది. అది దూదిలా వచ్చేసరికి తూలి వెనక్కి రెండడుగులు వేసింది. ఎర్ర అట్ట తెరిచింది.

లోపలంతా డొల్ల, షోరూంలో అలంకారానికి చేసిన ఉత్త అట్టపెట్టె. ఒక్క కాగితం కూడా లేదు.