బాగున్నాను, దేవుడి దయ వల్ల

జెనేజియో నాటకానికి సిద్ధమవుతున్నాడని మా వీధిలో అందరికంటే ముందు కనిపెట్టింది దోనా జొరైడి. దోనా అంటే మా దగ్గర అమ్మగారు.

ఆవిడ వంటింటి కిటికీకి సరిగ్గా ఎదురుగా, వీధికి అవతల, అతని ఇంటి వాకిలి. రోజూ సాయంత్రం మొక్కజొన్న కూస్కూస్ పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని ఆవిడ కిటికీ దగ్గర కూర్చునేది. అవతల జెనేజియో కర్ర పట్టుకుని కాళ్ళీడ్చుకుంటూ నడిచేవాడు. పెళ్ళాం మరిల్డా జడ్జిలా కుర్చీలో కూర్చుని ప్రశ్నలు వేసేది.

"బాగున్నారా, జెనేజియో గారూ?"

"బాగున్నానండీ, దేవుడి దయ వల్ల."

"నీ మొహం! మళ్ళీ అదే మాటా? బాగా లేను అనవయ్యా!"

"నోటికి అలవాటైపోయిందే. ఏం చెయ్యను?"

జెనేజియో తాపీ మేస్త్రీ. మూడేళ్ళ కిందట పరంజా మీంచి పడి నడుం విరిగింది. వికలాంగుల పెన్షన్ ఇచ్చారు. ఈ ఏడాది ఎవరో పెన్షన్ ఆఫీసుకి, ఇతని అవిటితనం అంతా దొంగ వేషమని ఆకాశరామన్న ఉత్తరం రాశారు. తనిఖీకి పిలిచిన డాక్టరు మర్యాదకి "బాగున్నారా?" అన్నాడు. మా ఊళ్ళో పాడె మీద ఉన్నవాణ్ణి పలకరించినా వచ్చే జవాబు ఒక్కటే. జెనేజియో కూడా అదే చెప్పాడు. 'బాగున్నానని రోగే ఒప్పుకున్నాడు' అని రాసేశాడు ఆ మహానుభావుడు. పెన్షన్ ఆగిపోయింది. ఇప్పుడు అప్పీలు కూడా పోతే, మా వీధివాళ్ళంతా పెన్షన్లు తీసుకునే బ్యాంకులో మరిల్డా గచ్చు తుడిచి తెచ్చేది మందులకే చాలదు.

ఆ ఉత్తరం రాసిందెవరో వేరే చెప్పాలా? మా వీధిలో దోనా జొరైడి అంత నీతిమంతురాలు ఇంకొకరు లేరు. ఆ సంగతి ఆవిడే చెబుతుంది.

"ప్రభుత్వ సొమ్ము అప్పనంగా మింగడానికి రిహార్సలు కూడానా! పైగా తలుపేసుకుని ఏడవాలన్న జ్ఞానం లేదు మొద్దులకి" అని పళ్ళు నూరింది. పెన్షన్ ఆఫీసు వకీలు సాక్ష్యానికి రమ్మనగానే ఎగిరి గంతేసింది.

విచారణ రోజున రెసీఫీ పట్నంలో కోర్టుకి పెళ్ళికి వచ్చినట్టు వచ్చింది. గడప దాటితే ఆవిడ నల్ల కళ్ళద్దాలు తియ్యదు, సినిమా తార తిరుగుతున్నట్టు. బోనెక్కాక మాత్రం దొంగని సరిగ్గా చూపించాలని తీసేసింది.

"బాగున్నారా?" అని జడ్జి ముందుగా జెనేజియోని అడిగాడు.

జెనేజియో పెళ్ళాం వంక చూశాడు. "బా... బాగా లేనండీ" అన్నాడు.

"విన్నారా అయ్యా! అది పెళ్ళాం నేర్పిన చిలకపలుకు!" అంది దోనా జొరైడి. "నా రెండు కళ్ళతో చూశాను. నిన్న సాయంత్రం ఇతను ఆకుపచ్చ చొక్కా వేసుకున్నాడు, రెండో బొత్తాం ఊడిపోయింది. మాట వినిపించకపోయినా పెదాలు చూసి చెప్పగలను. 'బాగా లేను అనవయ్యా' అంది ఈ మహాతల్లి!"

జెనేజియో తల దించుకున్నాడు. మరిల్డా మాత్రం చేతులు కట్టుకుని తాపీగా కూర్చుంది.

జెనేజియో తరఫు లాయరమ్మ లేచింది. చిన్నపిల్ల. దోనా జొరైడి ఆమెని ఎగాదిగా చూసి మూతి తిప్పింది.

"ఎంత దూరం నుంచి చూశారు, దోనా జొరైడి?"

"వీధికి ఇవతల నుంచి. నలభై అడుగులుంటుంది."

"అంత దూరంలో బొత్తాం కూడా కనిపించిందా? మీ కళ్ళు బాగున్నాయా?"

"బాగున్నాయి, దేవుడి దయ వల్ల!"

లాయరమ్మ ఒక కాగితం తీసి జడ్జి ముందు పెట్టింది. "పదకొండేళ్ళుగా ఈవిడ తీసుకుంటున్న పెన్షన్ తాలూకు కాగితం అయ్యా ఇది. కారణం దగ్గర ఇలా ఉంది: రెండు కళ్ళూ బొత్తిగా కనిపించవు."