పందిరి దాకా వచ్చిన తార్

"నాలుగు గంటలకు అస్తదట తాతా, నిన్ను చూస్తందుకు," అంది ప్రాచి ఫోన్ చూస్తూ.

మారోతి చేతిలో చాయ్ సాసర్‌లోకి ఒలికింది. గడియారం వైపు చూశాడు. రెండున్నర.

ఇదంతా ఆ వీడియోతో మొదలైంది. మారోతి ముప్పై ఏళ్లు నాందేడ్‌లో తార్‌వాలా. టెలిగ్రాంను అక్కడ అందరూ తార్ అనేవారు. అతని సైకిల్ సందులోకి మళ్లితే ఇత్వారా వీధుల్లో ఆడవాళ్లు చేటలు పక్కనపెట్టి లేచి నిలబడేవారు. సైకిల్ తమ గడప దాటిపోతేనే మళ్లీ కూర్చునేవారు. ఆ ముచ్చట్లన్నీ చెప్పించి, మనవరాలు ప్రాచి ఫోన్‌లో తీసి లోకానికి పెట్టింది. ఇప్పుడు పొద్దున లేస్తే ఫోన్‌లో వంద కబుర్లు, అందులో సగం అబద్ధాలు. తార్ మాత్రం ఎన్నడూ అబద్ధం చెప్పలేదని ఆ వీడియోలో అన్నాడు. చివర ఇంకో మాట కూడా అన్నాడు.

"నా చేతికచ్చిన తార్ ఒక్కటి గూడ ఆగలే."

నాలుగు వేలమంది చూశారు. పాత రోజులు తలుచుకుని చాలామంది దండాలు పెట్టారు. నిన్న మాత్రం ఒకామె రాసింది: "మా పెండ్లి పందిరి దాంక అచ్చి మర్లిపోయిన తార్ ముచ్చట చెప్పలేదేంది?" కింద పేరు, ఇందుబాయి. ఎవరో పాత పరిచయమనుకుని ప్రాచి అడ్రస్ కూడా ఇచ్చేసింది.

మారోతి రాత్రి అన్నం ముట్టలేదు. ఇప్పుడు తలుపుకు గొళ్లెం పెట్టమన్నాడు. కాసేపటికి తనే లేచి తీశాడు. ఒంట్లో బాగాలేదని చెప్పమన్నాడు. కాదు, ముఖేడ్ ఊరికి పోయాడని చెప్పమన్నాడు. ప్రాచి నవ్వి, ఎవరో ముసలామె వస్తుంటే ఇంత భయమెందుకని అడిగింది. బయట ఆటో చప్పుడైనప్పుడల్లా అతని చేతులు మోకాళ్లను గట్టిగా పట్టుకుంటున్నాయి.

తార్ ఆపడం నేరం. ఆ రోజుల్లో తెలిస్తే ఉద్యోగం పోయేది, జైలుకూ పంపేవారు. కానీ అతని అసలు భయం అది కాదు.

ముప్పై తొమ్మిదేళ్ల కిందటి ఎండాకాలం. నిజామాబాద్ నుంచి వచ్చిన తార్‌ను మడిచి ఇస్తూ ఆఫీసులో తార్‌లు రాసుకునే భోజన్న అందులో ఏముందో చెప్పాడు. ఇత్వారాలో పెళ్లివారిల్లు, పెళ్లికూతురి మేనమామ చనిపోయాడట, వెంటనే బయలుదేరమని ఉంది. మారోతి చేరేసరికి బాజా మోగుతోంది. పెళ్లికూతురి తల్లి తలుపు దగ్గర నిలబడి, వచ్చినవాళ్లకు బొట్టు పెడుతూ నవ్వుతోంది. ముహూర్తానికి అరగంట కూడా లేదు. జేబులోని కాగితం ఆమె చేతిలో పెడితే సూతకం. పెళ్లి ఆగిపోతుంది.

మారోతి చెల్లెలు గంగుబాయి పెళ్లి సరిగ్గా అట్లాగే ఆగింది. పందిట్లోకి చావు కబురు వచ్చింది. పెళ్లికొడుకు వాళ్లు లేచి వెళ్లిపోయారు. పిల్ల నష్టజాతకురాలని పేరు పడింది. ఇంకో సంబంధం రాలేదు.

అతను సైకిల్ వెనక్కి తిప్పాడు.

సాయంత్రం ఇద్దామనుకున్నాడు. అప్పగింతల ఏడుపులు విని గుమ్మం ఎక్కలేకపోయాడు. మర్నాడు ఇస్తే నిన్న ఎందుకు తేలేదంటారు. చివరికి ముట్టినట్టు సంతకం తనే గీసి, కాగితాన్ని గోదావరిలో వదిలేశాడు. ఆ తర్వాత ఆ సందుకు తార్ వస్తే ఇంకొకరిని బతిమాలి పంపేవాడు. ఒక ఆడమనిషికి తోడబుట్టినవాడి ఆఖరి చూపు దక్కకుండా చేశానని పెళ్లానికి కూడా చెప్పుకోలేదు.

నాలుగు కొట్టకముందే ఆటో ఆగింది.

అరవైకి దగ్గర పడిన మనిషి. నెరిసిన జుట్టు, నూలు చీర. ఎడమ చేయి ఎప్పుడో విరిగి సరిగ్గా అతకలేదేమో, మోచేతి దగ్గర వంకరగా ఉంది. ప్రాచిని చాయ్ పెట్టమని లోపలికి పంపి, కుర్చీ దగ్గరికి జరుపుకుని కూర్చుంది.

"గుర్తు పట్టినవా అన్నా?"

మారోతి తలూపాడు.

"ఆ పొద్దు కిటికీలకెల్లి నిన్ను చూసిన. జేబుల చెయ్యి పెట్టినవ్. మల్ల తీసినవ్. ఉత్తగనే పోయినవ్."

అతను చేతులు జోడించాడు. చెప్పడం మొదలుపెట్టాక ఆపుకోలేకపోయాడు. గంగుబాయి సంగతి చెప్పాడు, దొంగ సంతకం సంగతి చెప్పాడు, గోదావరి సంగతి చెప్పాడు. ఆమె కదలకుండా వింది.

"మీ అమ్మకు తమ్ముని ఆఖరి చూపు లేకుంట చేసిన," అన్నాడు చివరికి. "పోలీసులకు చెప్తవో, నలుగుట్ల నిలవెడ్తవో, నీ ఇష్టం."

ఇందుబాయి వంటింటి వైపు చూసింది. లోపల గిన్నెల చప్పుడు వినబడుతోంది.

"మా మేనమామ అప్పుడు చావలేదన్నా," అంది. "పక్షవాతమచ్చి పెండ్లికి రాలేదు గని, ఆ తర్వాత పద్దెనిమిదేండ్లు బతికిండు."

ఆ మాట అర్థం కావడానికి మారోతికి కొంత సమయం పట్టింది. అర్థమయ్యాక కళ్లు తుడుచుకున్నాడు. ఇన్నేళ్లు ఎవరి ఆఖరి చూపు కోసం కుమిలిపోయాడో, ఆ మనిషి చావనే లేదు. ఎవడో గిట్టనివాడు అబద్ధపు తార్ పంపాడన్నమాట. నిన్నటి నుంచి మొదటిసారి నిండా ఊపిరి పీల్చుకున్నాడు.

"అయితే నేను తార్ ఆపుడే మంచిగైంది గద బిడ్డా. లేకుంటె నీ పెండ్లి ఆగిపోతుండె."

ఆమె వంకర చేతిని ఒళ్లోకి తీసుకుని, అతని ముఖంలోకి చూసింది.

"ఆ తార్ కొట్టిపిచ్చింది నేనే."